గోడల మీది రంగు ఏల పెచ్చులూడును?

పుష్యమాసము దగ్గఱపడగానే మన పల్లెలలో ప్రతి గృహస్థునకును ఇంటి గోడలు గుర్తునకు వచ్చును. పూర్వము ఇంటిల్లిపాదియు కూడి సున్నము నానవేసి, ఒకటి రెండు దినములలో వెల్ల వేసికొని, గడపలకు పసుపు, అరుగులకు ఎఱ్ఱమన్ను పూసి సంక్రాంతికి సిద్ధమగుచుండిరి. నేడు పట్టణము నుండి రంగు డబ్బాలు వచ్చుచున్నవి, పనివారును వచ్చుచున్నారు, వేల రూపాయలు వ్యయమగుచున్నవి. అయినను మఱుసటి వానకాలము గడచునప్పటికి నట్టింటి గోడ మీది రంగు నెఱ్ఱెలు విచ్చి, బొబ్బలెత్తి, పెచ్చులు పెచ్చులుగా నేల రాలుట అనేక గృహములలో మనము చూచుచున్నాము. గృహస్థుడు రంగు అమ్మినవానిని నిందించును. పనివాడు గోడను నిందించును. మేము చూచినంతవరకు తప్పు చాలచోట్ల రంగులో లేదు. రంగు వెనుక నున్న నీటిలో కలదు. ఆ నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నదో కనుగొనక మఱల మఱల రంగు వేయుట చిల్లికుండలో నీరు పోయుట వంటిది.

పగిలినది రంగా, గోడయా?

పని మొదలిడుటకు ముందు ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనవలెను. పలుచని చాకుమొనతో పగులు ప్రక్కనున్న రంగును కొంచెము లేపి చూడుడు. క్రింద గోడ పగులు లేక యుండినచో దోషము పూతది. పగులు రంగును దాటి లోపలి ఇటుకలలోనికి దిగియుండినచో అది గోడదే. గుమ్మముల మూలల నుండి ఏటవాలుగా పైకి ప్రాకు బీటలు, గది మూలలందు నిలువుగా విచ్చు బీటలు తఱచుగా ఈ రెండవ జాతికి చెందినవి. నల్లరేగడి నేలలలో కట్టిన ఇండ్లలో ఇవి మెండు. ఆ నేల వానకు ఉబ్బును, ఎండకు కుదించుకొనును. పునాది చాలినంత లోతు లేనిచో ఇల్లును నేలతో పాటు లేచి దిగుచుండును. అట్టి బీటపై ఎన్ని మారులు లప్పము పెట్టించినను నిలువదు. బీట రెండు కొనలయందును పెన్సిలుతో గీత గీసి తేది వ్రాసి, దానికి అడ్డముగా సన్నని గాజుముక్క నొకదానిని రెండు ప్రక్కల సిమెంటుతో అతికించి, ఒక వానకాలము, ఒక వేసవి కనిపెట్టి చూడవలెను. గాజు విఱిగినచో గోడ ఇంకను కదలుచున్నదని అర్థము. అప్పుడు పిలువవలసినది రంగు వేయువానిని కాదు, ఇంజనీరును. ఆ విషయ మంతటితో విడిచి, ఇచ్చట పూత చెడు సంగతియే చెప్పెదము.

పూత చెడుటలోను తీరులు పలువిధములు. ఎండిన చెఱువు అడుగువలె చిన్నచిన్న గళ్లుగా నెఱ్ఱెలు వారినచో పూత మిక్కిలి మందముగా పడినదనియో, అందు బంక ఎక్కువైనదనియో తెలియవలెను. బొబ్బలెత్తి, వ్రేలితో నొక్కిన మెత్తగా నుండినచో గట్టి నూనెరంగు వెనుక నీరు చేరినది. తెల్లని నూగువంటి పొడి పైకి పూసి, దానితో పాటు రంగు పిండివలె రాలినచో అది ఉప్పు. మన వారు గోడ చౌడెక్కినదందురు. రాలిన పెచ్చును పాఱవేయక వెనుకకు త్రిప్పి చూచినచో ఎంతయో తెలియును. వెనుక తెల్లని సున్నపు పొడి అంటియుండినచో ఏండ్లతరబడి పొరలు పొరలుగా పేరుకొన్న పాత వెల్ల పట్టు విడిచినదన్నమాట. ఇసుక అంటియుండినచో లోపలి పూతయే క్రుళ్లినది. శుభ్రముగా, నున్నగా నుండినచో క్రింద జిడ్డో పొగచూరో యుండగా పైన రంగు వేసిరి.

ఒక ఇంటి కథ

కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమున మేము చూచిన ఇల్లు ఇచ్చట చెప్పదగియున్నది. ఇటుక గోడల పెంకుటిల్లు, కట్టి అరువది సంవత్సరములు దాటినది. వీథివైపు గోడకు లోపలిభాగమున ఆరేండ్లలో మూడు మారులు రంగు వేయించిరి. మొదట డిస్టెంపరు, అది పొడియై రాలినది. తరువాత లప్పము పెట్టించి ప్లాస్టికు రంగు వేయించిరి, అది బొబ్బలెత్తినది. మూడవమారు ఎవరో చెప్పగా నడుమెత్తు వఱకు పాత గచ్చు కొట్టివేసి గట్టి సిమెంటు పట్టీ పోయించిరి. ఒక యేడు గోడ బాగుగనే యున్నది. రెండవ యేట చెమ్మ ఆ పట్టీని దాటి, దానికి పైన ఛాతీ ఎత్తున గీత గీసినట్లు పైకి తేలినది.

రంగు రకముల గూర్చి ఇంటివారు మాతో చాలసేపు చర్చించిరి. గోడ బయట ఏమున్నదని మేము అడుగగా ఆ ఇంటి వృద్ధురాలు చెప్పిన మాట ఇది: "మా కాలములో వీథి పల్లము, ఇల్లు మెఱక. ఇప్పుడు వీథి మెఱక, ఇల్లు పల్లము నాయనా."

పోయి చూచితిమి. సిమెంటు రోడ్డు పాత రోడ్డు మీదనే పోయబడినది. కొన్నేండ్లకు దాని మీద మఱియొకటి. ఇప్పుడు వీథి మట్టము ఇంటి లోపలి నేలకంటె జానెడు ఎత్తున నున్నది. వాననీరు గోడ మొదట నిలుచుచున్నది. ఇది చాలదన్నట్లు స్నానము చేయు బండ అదే గోడ చివర నున్నది. ఆ నీరు మట్టి కాలువలో గోడ వెంబడియే పాఱుచున్నది. ఆ గోడ సంవత్సరమునకు పన్నెండు మాసములు నీరు త్రాగుచున్నది. లోపల ఏ రంగు వేసిన నేమి?

నీరు గోడ ఎక్కు విధము

దీపపు వత్తి నూనెను పీల్చునట్లు ఇటుకయు, మట్టియు, గచ్చును తమలోని సన్నని రంధ్రముల ద్వారా నేలనుండి నీటిని పైకి పీల్చును. సామాన్యముగా ఈ చెమ్మ నేల నుండి సుమారొక మీటరు ఎత్తు వఱకు ఎక్కును. అచ్చట గాలి తగిలి ఆవిరియగును. నీరు ఆవిరియై పోవును గాని, అది నేలనుండి కరగించి తెచ్చిన ఉప్పులు పోవు. అవి పూత వెనుక గడ్డకట్టి స్ఫటికములుగా పెరుగును. స్ఫటికము పెరుగుటకు చోటు కావలెను గదా. ఆ బలమునకు రంగు పగులును, గచ్చు పొడియగును. చౌడు నేలలున్నచోట్లను, సముద్రతీర గ్రామములలోను ఈ బాధ హెచ్చు. అట్టిచోట్ల ఉప్పుకాలువ ఇసుకతోను, ఉప్పునీటి బావి నీటితోను సిమెంటు కలిపి కట్టిన ఇండ్లలో ఉప్పు నేల నుండి రానక్కఱలేదు. కట్టిననాడే గోడలో చేరియున్నది. ఉప్పు గాలిలోని తేమను గూడ పీల్చును. కావుననే ముసురు పట్టిన దినమున వాన తగులని గోడయు చెమర్చును.

గోడ చెమ్మ పైకి పోవుటకు దారి కావలెను. మన పూర్వుల సున్నము ఆ దారి నిచ్చుచుండెను. సున్నపురాయిని బట్టీలో కాల్చినచో అందలి బొగ్గుపులుసు గాలి పోయి పొడిసున్నము మిగులును. నీరు పోసి చల్లార్చి గోడకు పూసినచో అది గాలిలోని ఆ బొగ్గుపులుసు గాలినే తిరిగి పీల్చుకొని మఱల రాయియగును. గోడకు పట్టిన వెల్ల నిజముగా ఒక పలుచని రాతిపొర. కాని ఆ పొరలో సన్నని రంధ్రములుండును. చెమ్మ వానిగుండ ఆవిరియై పోవును. శ్రీ సత్యసాయి జిల్లాయందు లేపాక్షి ఆలయపు కప్పులపై 16వ శతాబ్దములో సున్నపు గచ్చు మీద చిత్రించిన బొమ్మలు నేటికిని చూడగలుగుచున్నాము. నూనెరంగును, మందమైన ప్లాస్టికు రంగును అట్టివి కావు. అవి గోడకు రబ్బరు చొక్కా తొడిగినట్లు. పొడిగోడపై శోభిల్లును, తడిగోడపై వేసినచో చెమ్మ లోపలనే చిక్కి, దారి వెదకుచు చొక్కానే చించును. ఇందాకటి ఇంటి సిమెంటు పట్టీ చేసినదియు ఇదియే. నడుమెత్తు వఱకు ఆవిరి పోవు దారి మూసివేసినందున నీరు మఱింత పై కెక్కినది.

మట్టిగోడల ఇండ్లవారికి ఇచ్చట గట్టిగా హెచ్చరింపవలసియున్నది. ఇటుక గోడకు ఇది అందచందముల ప్రశ్నయే కావచ్చును, మట్టిగోడకు ప్రాణముల ప్రశ్న. మట్టి పొడిగా నున్నంతకాలము తరముల తరబడి నిలుచును. తడిసి మెత్తబడినచో తన బరువు తానే మోయలేదు. మట్టిగోడ బలపడునని తలచి బయటను లోపలను సిమెంటు పూత పూయించుచున్నారు. మట్టియు సిమెంటును కలిసి మెలగవు. కొన్నాళ్లకు నడుమ సందు విచ్చును. ఆ సందున దిగిన వాననీరు పైకి రాలేదు. చూచువారికి గోడ గట్టిగా కనబడును, లోపల బురదగా నుండును. వానకాలమున నిద్రించుచున్నవారిపై మట్టిగోడ కూలినదను వార్త మనము ఏటేట వినుచున్నాము. మట్టిగోడ లోపలి వైపున రంగు పెచ్చులూడుట, గోడ మొదలు ఉబ్బుట, తట్టినచో డొల్లగా పలుకుట కనబడినచో దానిని అందము చెడుటగా ఎంచరాదు. ముసురుదినములలో ఆ గోడ ప్రక్కన పడకలు వేయక, వెంటనే తెలిసినవారికి చూపింపవలెను. మట్టిగోడకు మట్టి, సున్నము, సుద్ద ఇవియే తగిన పూతలు.

నీటి మూలము కనుగొనుట

చెమ్మ నేల నుండియే రావలెనని లేదు. గోడ పైభాగమున, కప్పునకు దగ్గఱగా రంగు రాలినచో పగిలిన పెంకును, మిద్దె మీది నీటి దోనెను, పొంగి పొర్లు నీళ్లట్యాంకిని అనుమానింపవలెను. ఇటీవల ఇంటి గోడనే ఆనుకొని మరుగుదొడ్డి, స్నానపుగది కట్టుచున్నారు. గోడలో దాచిన గొట్టము ఒక చుక్క చొప్పున కారినను అవతలి గది రంగు ఏడాది నిలువదు. నిలువెత్తున ఒక్కచోట గుండ్రని మచ్చగా చెమ్మ కనబడినచో ముందుగా ఆ గొట్టములనే చూడుడు.

చెమ్మ లోపలినుండి వచ్చుచున్నదా, గదిలోని ఆవిరి గోడకు పట్టుచున్నదా యను సందేహము కొన్నిచోట్ల, ముఖ్యముగా వంటయింట, కలుగును. దీనికి ఖర్చులేని పరీక్ష యున్నది. అరచేయి రెండింతలంత ప్లాస్టికు కాగితమును గోడపై పఱచి, నాలుగంచులను గాలి చొఱకుండ జిగురుపట్టీతో అంటించి, రెండు దినములు వదలివేయవలెను. కాగితమునకు గోడవైపున నీటిబొట్లు పట్టినచో నీరు గోడలోనిది. గదివైపున పట్టినచో అది గదిలోని ఆవిరి. దానికి కిటికీయు, పొగగూడును మందు.

నీరు నేల నుండి వచ్చుచున్నచో చేయవలసిన పని ఇంటి బయట నున్నది. గోడ మొదట నిలుచు నీటిని తప్పింపవలెను. గోడను ఆనుకొని పేరుకొన్న మట్టిని, పెంటను, కట్టెలమోపును తొలగించి, నేల గోడ నుండి వెలుపలికి వాలునట్లు చదును చేయవలెను. స్నానపు నీటికిని, చూరు నీటికిని గోడకు దూరముగా పక్కా కాలువ త్రవ్వింపవలెను. వీథి ఎత్తయిన ఊళ్లలో ఇది ఒక ఇంటివాని చేతిలో లేని పని. రోడ్డు పోయుటకు ముందే పాతదానిని త్రవ్వి మట్టము తగ్గించి పోయుమని గ్రామసభలో అడుగుట మేలు. పోసిన తరువాత అడిగి ఫలము లేదు. క్రొత్తగా ఇల్లు కట్టువారు పునాది గోడపై, నేలమట్టమునకు పైగా, చెమ్మ ఎక్కని సిమెంటు కాంక్రీటు పొరను తప్పక వేయించుకొనవలెను. కట్టునాడు దానికగు వ్యయము స్వల్పము. కట్టిన తరువాత చొప్పించుట మిక్కిలి కష్టము.

గోడపై పూసిన ఉప్పును నీటితో కడుగరాదు. కడిగినచో అది కరగి తిరిగి గోడలోనికే పోవును. పొడి కుంచెతో దులిపి, రాలినదానిని ఎత్తి దూరముగా పాఱవేయవలెను. క్రుళ్లిన గచ్చును చెమ్మ గీతకు పైన మఱి జానెడు వఱకు కొట్టివేసి, గోడను ఊరక విడువవలెను. ఎన్నాళ్లని అడుగుదురు. ఒక వేసవి అంతయు. ఇచ్చటనే మనవారికి ఓపిక చాలదు. సంక్రాంతికి రంగు కావలెననుకొన్నవారు పుష్యమాసమున గాక, ముందటి చైత్ర వైశాఖములందే పని మొదలిడవలెను. వేసవిలో నీటి మార్గము మరల్చి గోడ నారనిచ్చి, వానకాలమున చెమ్మ మఱల తేలునో లేదో చూచి, పండుగకు పూత వేయుట సరియైన క్రమము. ఆ డెల్టా ఇంటివారు ఇట్లే చేసిరి. సిమెంటు పట్టీ కొట్టివేసి, బండను పెరటికి మార్చి, గోడ వెంబడి కాలువ కట్టించిరి. తరువాత గోడకు సున్నపు గచ్చు, దానిపై వెల్ల. మేము రెండేండ్లకు తిరిగి పోయినపుడు గోడ మొదట ఒకచోట మాత్రము కొంచెము ఉప్పు పూసియున్నది, తక్కినదంతయు నిలిచియున్నది. నూఱుపాళ్లు నయమైనదని మేము చెప్పము. పాత ఇంటికి అది చాలును.

వెల్ల వేయు విధము

సున్నము చౌకది గనుక దానిని ఎట్లు వేసినను చెల్లునని తలచుట పొరపాటు. సరిగా కలిపిన వెల్ల చేతికి అంటదు. పల్నాటిలో పిడుగురాళ్ల బట్టీల రాతిసున్నము ప్రసిద్ధము. తీరప్రాంతములందు గుల్లసున్నమును వాడుదురు. ఏదియైనను క్రొత్తగా కాల్చినది, గాలికి పొడియై పోనిది ఎంచుకొనవలెను. కిలో సున్నమునకు సుమారు 5 లీటర్ల నీరు చొప్పున పోసి, 24 గంటలు కదల్పక ఉంచి, తరువాత ముతకగుడ్డతో వడియగట్టవలెను. పది లీటర్ల సున్నపు తేటకు 40 గ్రాముల తుమ్మబంకను వేడినీటిలో కరగించి కలుపవలెను. బంక ఎక్కువైనచో పూత ఎండునపుడు బిగిసి నెఱ్ఱెలు విచ్చును. మేలని మఱికొంత పోయువారు పలువురు గలరు. తెలుపునకు కొలదిగా నీలిమందు చాలును.

పూత పాలవలె పలుచగా నుండవలెను. చిక్కగా ఒక్క మారు వేసి పని ముగించుట చూపునకు లాభము, గోడకు నష్టము. క్రొత్తగోడకు మూడు పూతలు, ఒకటి ఆరిన తరువాతనే మఱియొకటి వేయవలెను. కుంచె ఒకమారు నిలువుగా, ఆ తడి ఆరకముందే ఒకమారు అడ్డముగా నడువవలెను. అంతకు ముందు పాత వెల్ల పొరలు పట్టు విడిచినంతవఱకు గీకివేయుట తప్పదు. సున్నము చల్లార్చునపుడు అది కుతకుత ఉడికి చిందును. పిల్లలను దగ్గఱకు రానీయరాదు. కంట పడినచో క్షణమాలస్యము చేయక మంచినీటితో చాలసేపు కడిగి ఆసుపత్రికి కొనిపోవలెను; చూపు పోవు ప్రమాదము కలదు.

రంగే కావలెననువారు ఒక పరీక్ష చేయుదురు గాక. పొడి అరచేతితో గోడను గట్టిగా రుద్దుడు. చేయి తెల్లనైనచో ఆ సున్నముపై ఏ రంగును నిలువదు. గట్టి పొర తగులువఱకు ఉప్పుకాగితముతో రుద్ది, దుమ్ము తుడిచి, పట్టు నిచ్చు మొదటి పూత వేసిన తరువాతనే రంగు. లప్పము గుంటలు పూడ్చుటకే గాని గోడను క్రొత్తగా కట్టుటకు కాదు. మందముగా పట్టించిన లప్పమే చాల ఇండ్లలో ముందుగా పగులుచున్నది. క్రొత్త సిమెంటు పూతలోని నీరు ఆరుటకు వారములు కాదు, మాసములు పట్టును. గృహప్రవేశపు ముహూర్తము దగ్గఱపడినదని పచ్చిగోడకు నూనెరంగు వేయించుకొన్నవారు మఱుసటి యేటికే చింతింతురు. ముహూర్తమునకు వెల్ల వేసికొని, రంగు తరువాత వేయుటలో లోటేమియు లేదు. వంటయింటి పొగచూరును చాకలిసోడా నీటితో కడిగి, ఆరనిచ్చి, అటుపిమ్మట రంగు వేయవలెను.

పాత నూనెరంగు పెచ్చులు

కడపట ముఖ్యమైన సంగతి. పూర్వము తలుపులకు, కిటికీలకు, గది గోడలకు నడుమెత్తు వఱకు వేసిన నూనెరంగులలో, విశేషించి పసుపు, నారింజ, ఎఱుపు రంగులలో, సీసము కలిపెడివారు. సీసము విషము. అది పసిపిల్లల మెదడు పెరుగుదలకు హాని చేయును. ఆ హాని తిరిగి బాగుపడునది కాదు. కేంద్ర ప్రభుత్వము 2016లో నియమములు చేసి, ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని 2017 నవంబరు 1వ తేది నుండి అమలులోనికి తెచ్చినది. అంతకు ముందు వేసిన రంగు మన గోడల మీదనే యున్నది. అది పెచ్చులూడుచున్నపుడు దోగాడు బిడ్డ ఆ పెచ్చులను నోట పెట్టుకొనును. పొడి నేలపై పడి చేతులకంటును.

కావున అట్టి పాతరంగును పొడిగా ఉప్పుకాగితముతో రుద్దరాదు, మంటతో కాల్చరాదు. నీరు చిలకరించి తడిగానే గీకవలెను; నేలపై పాతగుడ్డయో ప్లాస్టికు పట్టాయో పఱచవలెను. గీకువాడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. పని జరుగు దినములలో పిల్లలను, గర్భిణీ స్త్రీలను ఆ యింట నుంచరాదు. పెచ్చులను పొయ్యిలో గాని, పెంటకుప్పలో గాని వేయక సంచిలో మూటకట్టి వేఱుగా పాఱవేయవలెను. చీపురుతో ఊడ్చినచో ధూళి లేచును; తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను తిరిగి వాడరాదు. ఇంతకు ముందే బిడ్డ పెచ్చులు తినియుండునని అనుమానమున్నచో పెద్ద ఆసుపత్రులలో రక్తపరీక్ష వలన తెలిసికొనవచ్చును.